గోడకి ఎన్ని ఇటుకలు? వరసలు లెక్కపెడుతూ రాసుకున్న ప్రాజెక్టు డైరీ

ఆదివారం – ముందు ఇటుకని కొలవాలి

స్థలానికి ఒక పక్కన దాదాపు 9.5 మీటర్ల పొడవున గోడ కట్టాలి. ఎత్తు నేల మీద నుంచి 1.6 మీటర్లు, మందం ఒక ఇటుక, అంటే మామూలుగా తొమ్మిదంగుళాల గోడ అంటామే, అది. మధ్యలో మనిషి నడిచేంత దారి, దానికి చిన్న గేటు. పనిలో దిగకముందే తేల్చుకోవాల్సింది ఒకటే: ఇటుకలు ఎన్ని చెప్పాలి?

ఎవరిని అడిగినా వెంటనే వచ్చే జవాబు, ఘనపు మీటరుకి 500. ఆ అంకె నిజమే, కానీ అది 190 × 90 × 90 మిల్లీమీటర్ల మాడ్యులర్ ఇటుకకి సంబంధించిన అంకె. దానికి 10 మి.మీ. జాయింటు (ఇటుకల మధ్య మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, నిండే సందు) కలిపితే 200 × 100 × 100 అవుతుంది, ఘనపు మీటరులో అలాంటివి సరిగ్గా 500 పడతాయి. ఇటుక మారితే అంకె కూడా మారాలి. బ్రిటిష్ ప్రామాణిక ఇటుక 215 × 102.5 × 65 మి.మీ., దానితో అర ఇటుక మందం గోడ కడితే చదరపు మీటరుకి దాదాపు 60 పడతాయి, మాడ్యులర్ ఇటుకతో అదే గోడకి 50 చాలు. అందుకే కొనబోయే ఇటుకని చేత్తో పట్టుకుని కొలవకుండా లెక్క మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు.

ఒక్క ఇటుకని కొలిస్తే పని జరగదు. ఒకే బట్టీలో కాలినవైనా ఒకదాని పొడవు 221 మి.మీ. ఉంటుంది, పక్కది 229 ఉంటుంది, ఎందుకంటే ఆరేటప్పుడూ కాలేటప్పుడూ మట్టి అన్నిచోట్లా ఒకేలా కుదించుకుపోదు. భారత ప్రమాణం ఐఎస్ 1077లో దీనికి మంచి పద్ధతి ఉంది. చేతికి వచ్చిన 20 ఇటుకలు తీసుకుని, అంటుకున్న మట్టి పెళ్లలూ బొడిపెలూ గీకేసి, ఒకదానికొకటి తగిలేలా వరసగా పేర్చి మొత్తం పొడవు కొలవాలి. తర్వాత అవే ఇటుకలని వెడల్పు వైపు, ఆ తర్వాత ఎత్తు వైపు పేర్చి మళ్ళీ కొలవాలి. నేను తెచ్చిన 20 నమూనా ఇటుకలకి పొడవు వైపు 4,500, వెడల్పు వైపు 2,150, ఎత్తు వైపు 1,440 మి.మీ. వచ్చింది. అంటే సగటు ఇటుక 225 × 107.5 × 72. ఇక్కడ ఒకటి చూసి చాలా సంతోషం వేసింది: రెండు వెడల్పులూ మధ్యలో ఒక 10 మి.మీ. జాయింటూ కలిపితే 107.5 + 10 + 107.5 = 225, ఖచ్చితంగా ఇటుక పొడవే. పొడవుకీ వెడల్పుకీ ఈ పొత్తు ఉన్న ఇటుకతో ఒక ఇటుక మందం గోడ రెండు ముఖాల్లోనూ చదునుగా వస్తుంది. ఆ పొత్తు లేని ఇటుకలైతే ఒక ముఖం మేస్త్రి లాగి కట్టే దారానికి సరిగ్గా కుదురుతుంది, రెండోది ఎగుడుదిగుడుగా ఉండి ప్లాస్టరింగ్ మందం పెంచుతుంది.

సోమవారం – మాలు లేకుండా ఒక వరస

10 మి.మీ. మందం ఉన్న ప్లైవుడ్ ముక్కలు కోసి, జాయింటు ఉండాల్సిన ప్రతి చోటా ఒక ముక్క పెడుతూ, చదునైన నేల మీద వరస పరిచాను. ఇటుక ప్లస్ జాయింటు 235 మి.మీ. నలభై ఇటుకలకి 40 × 235 = 9,400, చివరి ఇటుక తర్వాత జాయింటు ఉండదు కాబట్టి 10 తీసేస్తే 9,390.

స్థలం కొలత ప్రకారం 9,500 దాకా వెళ్ళొచ్చు. వెళ్తే మిగిలే 110 మి.మీ.లో అర ఇటుక కూడా జాయింటుతో సహా పట్టదు, దానికి 117.5 కావాలి. అంటే కింది నుంచి పైదాకా ప్రతి వరసలోనూ ఒక వంకర ముక్క కొట్టి దూర్చాలి. అంత తంటా ఎందుకు, గోడ 9,390 దగ్గర ఆగుతుంది. మిగిలిన ఆ కాస్త చోటు వల్ల నాకు పోయేదేమీ లేదు. గోడ పొడవుని ఇటుకకి తగ్గట్టు సర్దుకునే వీలు ఉన్నప్పుడు సర్దుకుంటే మేస్త్రి చేతిలో పనీ తేలికవుతుంది, ఇటుకల లెక్క కూడా భిన్నాలు లేకుండా నిలుస్తుంది.

దారి వెడల్పు కూడా ఇలాగే తేల్చాను. వరసలో ఎడమ నుంచి 15 ఇటుకలు వదిలి, తర్వాత నాలుగు ఇటుకలు తీసేస్తే 950 మి.మీ. ఖాళీ వస్తుంది, మనిషి చేతిలో బకెట్టు పట్టుకుని వెళ్ళడానికి బాగా సరిపోతుంది. కుడి పక్క 21 ఇటుకలు. అంటే ఎడమ గోడ 3,515, కుడి గోడ 4,925 మి.మీ.

బుధవారం – ఎత్తు, గేజ్ కర్ర

నిలువునా ఒక వరస అంటే ఇటుక 72, దాని కింద మాలు 10, మొత్తం 82. పద్దెనిమిది వరసలకి 1,476. దాని మీద కోపింగ్, అంటే ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి గోడకి అడ్డంగా పెట్టే ఆఖరి వరస, దాని ఎత్తు 107.5 + 10. మొత్తం 1,593 మి.మీ. పైచిలుకు, 1.6 మీటర్లకి ఇంతకన్నా దగ్గరగా రాదు. నేల కింద, కాంక్రీటు బెడ్డు దగ్గర నుంచి నాలుగు వరసలు. మొత్తం 22 వరసలు, పైన కోపింగ్.

నిటారైన పొడుగాటి కర్ర తీసుకుని 82 మి.మీ.కి ఒక గీత చొప్పున గీసి అంకెలు వేశాను. మేస్త్రులు దీన్ని గేజ్ కర్ర అంటారు. చూడటానికి గీతలున్న కర్రే కానీ నా ఇటుకల లెక్క మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. మాలు మందం గీత దాటితే వరసల సంఖ్య మారుతుంది, వరసల సంఖ్య మారితే ఇటుకల సంఖ్యా మారుతుంది. చదరపు మీటరుకి లెక్క చూస్తే, ఒక ఇటుక మందం గోడకి జాయింటు 10 అయితే 104 ఇటుకలు పడతాయి, 15 అయితే 96 చాలు. దాదాపు ఎనిమిది శాతం తేడా. ఇటుకలు మిగిలాయి కదా అని సంబరపడితే ఆ మేరకి సిమెంటూ ఇసుకా తింటుంది, పైగా మందం జాయింటు గోడ బలానికి మంచిది కాదు.

గురువారం – అసలు లెక్క

ఇంగ్లీషు బాండ్ అనే పద్ధతిలో ఇటుకలు పేర్చాలని మేస్త్రి, నేనూ అనుకున్నాం. ఒక వరసలో ఇటుకలన్నీ గోడ వెంట పొడుగ్గా, అవి స్ట్రెచర్లు. దాని పై వరసలో అన్నీ గోడకి అడ్డంగా, అవి హెడర్లు. స్ట్రెచర్ వరసలో ముందొకటి వెనకొకటి కాబట్టి 40 చోట్లకి 80 ఇటుకలు. హెడర్ ఒక్కోటి 117.5 తింటుంది, 9,400ని దానితో భాగిస్తే అదే 80. రెండు రకాల వరసల్లోనూ ఒకే సంఖ్య రావడం లెక్క సరిగ్గా సాగుతోందనడానికి గుర్తు.

నేల కింద నాలుగు వరసలు, అక్కడ దారి లేదు, గోడ మొత్తం పొడవునా ఉంటుంది: 4 × 80 = 320.

నేల మీద 18 వరసలు, దారి తీసేస్తే 36 చోట్లు: 18 × 72 = 1,296.

పిల్లర్లు నాలుగు, రెండు చివర్లలో ఒక్కోటి, దారికి రెండు పక్కలా ఒక్కోటి. గోడలో నుంచి అర ఇటుక బయటికి, ఒకటిన్నర ఇటుక వెడల్పు. వరసకి ఒకటిన్నర ఇటుక అదనం, 22 వరసలకి పిల్లరుకి 33, నాలుగింటికి 132. అర ఇటుక కోసం ఒకటి కొడితే రెండు ముక్కలూ వాడుకోవాలి, అప్పుడే ఒకటిన్నర అనే మాట చెల్లుతుంది. పిల్లర్ల తల మీద కాంక్రీటు మూత పోస్తున్నాం కాబట్టి అక్కడ ఇటుక లేదు.

కోపింగ్‌లో ఒక్కో ఇటుక 82 మి.మీ. తింటుంది. ఎడమ గోడకి 43, కుడి గోడకి 60. అరవైకి జాయింటు 10కి ఒక వెంట్రుకవాసి ఎక్కువ వస్తుంది, కంటికి తెలియదు. మొత్తం 103.

కూడితే 1,851.

ఇక క్వీన్ క్లోజర్ల సంగతి. హెడర్ వరసలో చివరి హెడర్ పక్కన, ఇటుకని పొడుగునా నిలువుగా చీల్చిన సన్నటి ముక్క ఒకటి పెడతారు. అది లేకపోతే కింది వరస జాయింటు మీదే పై వరస జాయింటు పడుతుంది, పగులు వచ్చేది అక్కడే. గోడకి ఎన్ని చివర్లుంటే అన్ని ముక్కలు కావాలి. నేల కింద రెండు హెడర్ వరసలకి రెండేసి, పైన తొమ్మిది హెడర్ వరసలకి దారి వల్ల చివర్లు నాలుగయ్యాయి కాబట్టి నాలుగేసి. 4 + 36 = 40 ముక్కలు. ఇటుకకి రెండు ముక్కలూ నిలిస్తే 20 ఇటుకలు, ఇవి 1,851లో కలిసే ఉన్నాయి. కానీ పొడుగునా చీల్చేటప్పుడు రెండు ముక్కలూ క్షేమంగా రావడం అరుదు, ఒకటి వస్తే ఇంకోటి చేతిలోనే విరుగుతుంది. అందుకని తరుగులో ఇంకో 20 దీనికోసమే రాసుకున్నాను. గుమ్మం పెడితే ఇటుకలు తగ్గుతాయని అందరూ తీసివేతలు చేస్తారు, మంచిదే, కానీ గుమ్మం వల్ల కొట్టుడు పని పెరుగుతుంది, దాన్ని కూడా లెక్కలోకి తేవాలి.

అదే రాత్రి – 500తో చేసి ఉంటే?

కనిపించే గోడ 8.44 × 1.6 × 0.225, అంటే దాదాపు 3.04 ఘనపు మీటర్లు. 500తో గుణిస్తే 1,519. నిజంగా కావలసింది 1,851. తేడా 332. ఇందులో రెండు పొరపాట్లు ఎదురెదురు దిక్కుల్లో లాగుతాయి. కనిపించే భాగానికి అసలు పట్టేవి 1,296 + 103 = 1,399 మాత్రమే, 500 సూత్రం అక్కడ 120 ఎక్కువ చూపిస్తుంది. మరోవైపు నేల కింది 320, పిల్లర్ల 132 అసలు లెక్కలోకే రాలేదు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, కలిసి తప్పు చిన్నదిగా కనిపిస్తుంది. పిల్లర్లు లేని గోడ, పునాది లోతు లేని గోడ అయితే ఇదే సూత్రంతో ఇటుకలు మిగిలిపోయేవి. అంటే ఆ సూత్రం ఎటు తప్పుతుందో కూడా ముందే చెప్పలేం.

ఇంకో సంగతి కూడా తేలింది. నా ఇటుకకే ఘనపు మీటరు సూత్రం తయారు చేసుకుందామని జాయింటుతో కలిపి 0.235 × 0.1175 × 0.082 చేసి భాగిస్తే 442 వస్తుంది. కానీ గోడ మందం నిజంగా 225, ముఖాల మీద జాయింటు ఉండదు కదా, ఆ మందంతో చూస్తే ఒక ఇటుక గోడకి ఘనపు మీటరుకి 461, అర ఇటుక గోడకి 483. ఒకే ఇటుక, మూడు అంకెలు! అందుకే ఘనపు మీటరు జోలికి పోకుండా ముఖం చదరపు మీటర్లతో లెక్క వేసుకోవడం మేలు. 1ని 0.235 × 0.082తో భాగిస్తే అర ఇటుక గోడకి 51.9, ఒక ఇటుక గోడకి దానికి రెట్టింపు 103.8. నా గోడ 8.44 × 1.476 = 12.46 చదరపు మీటర్లు, 103.8తో గుణిస్తే 1,293. వరసలు లెక్కపెడితే 1,296. మూడు ఇటుకల తేడా, అది కూడా చివర్లలో జాయింటు లేనందువల్ల వచ్చింది. రెండు దారుల్లో వెళ్ళి ఒకే చోటికి చేరాక ఇక టెన్షన్ లేదు.

శనివారం – తరుగు, ఆర్డరు

తరుగుకి ఐదు శాతం అంటారు, పది శాతం అంటారు. ఐదు వేస్తే 1,944, పది వేస్తే 2,036. శాతం ఒక్కటే పట్టుకోకుండా దేనికెంత అని విడదీసి చూశాను: దింపేటప్పుడు విరిగేవి, వంకరవీ పచ్చివీ తీసేసేవి, క్లోజర్లు కొట్టేటప్పుడు పోయేవి, చివరగా తర్వాత మరమ్మతుకి ఉంచుకునేవి. ఈ ఆఖరిది చాలామంది పట్టించుకోరు. రెండేళ్ళ తర్వాత నాలుగు ఇటుకలు మార్చాల్సి వస్తే అదే రంగు, అదే కొలత దొరకవు. 2,000 చెప్పాను, అంటే 149 అదనం, ఎనిమిది శాతం. అన్నీ ఒకే బట్టీ నుంచి, ఒకే లోడులో రావాలని గట్టిగా చెప్పాను. తక్కువ పడి మళ్ళీ తెప్పిస్తే రెండో లోడు 72కి బదులు 75 మందం వస్తుంది, గేజ్ కర్ర పనికిరాకుండా పోతుంది.

మాలుకి కూడా ఇక్కడే లెక్క. గోడ, పిల్లర్లు, కోపింగ్, నేల కింది భాగం కలిపి 4 ఘనపు మీటర్లు. ఇందులో జాయింట్లు ఐదో వంతు, అంటే 0.8. ఇటుక మీది గుంటలు నిండటానికి, కింద రాలిపోయేదానికి కలిపి తడి మాలు 1.1 అనుకున్నాను. పొడి సరుకు నీళ్ళు కలిపాక కుదించుకుంటుంది కాబట్టి 1.3తో గుణిస్తే 1.43. ఒకటికి ఆరు పాళ్ళలో సిమెంటు 0.204 ఘనపు మీటర్లు, 50 కిలోల బస్తా 0.0347 కాబట్టి ఆరు బస్తాలు. ఇసుక 1.23.

మంగళవారం – ఇటుకలు దిగాయి

కుప్పగా పోయనివ్వలేదు. పొరకి 20 చొప్పున పది పొరలు, దొంతరకి 200, పది దొంతరలు. ఇలా పేరిస్తే లెక్క నడుస్తూనే తేలుతుంది, విరిగినవి కూడా వెంటనే బయటపడతాయి.

రెండు ఇటుకలు చేత పట్టుకుని ఒకదానితో ఒకటి తడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే లోపల పగులైనా ఉండాలి, పచ్చిగా కాలిందైనా అయి ఉండాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. మీటరు ఎత్తు నుంచి నేల మీద వదిలితే ముక్కలు కాకూడదు. మరీ ఎక్కువ కాలి నల్లగా మెలితిరిగినవి గట్టిగానే ఉంటాయి కానీ దారానికి కుదరవు, వాటిని పక్కన పెట్టించాను. దింపేటప్పుడు విరిగినవి 41, తీసేసినవి 17. విరిగిన వాటిలో శుభ్రంగా సగానికి తెగిన ముక్కలన్నీ వేరే కుప్ప. పిల్లర్లలో అర ఇటుక కావాల్సిన చోటల్లా కొత్తది కొట్టకుండా ముందు ఆ కుప్పలోంచి తీయాలని మేస్త్రితో చెప్పాను.

శుక్రవారం – గోడ లేస్తోంది

ముందు రోజు నుంచే ఇటుకల్ని నీళ్ళలో నానేశారు. మేస్త్రి ఒక పొడి ఇటుక మీద తాపీతో కాస్త మాలు పూసి చూపించాడు, చూస్తుండగానే మెరుపు పోయి ఇసుకలా అయిపోయింది. "నీళ్ళన్నీ ఇటుకే తాగేస్తే సిమెంటుకి ఏం మిగులుతుందండీ" అన్నాడు. తడిపిన ఇటుక మీద అదే మాలు చాలాసేపు మెత్తగా ఉంది. నానిన ఇటుకల్ని మరీ నీళ్ళు కారుతూ పెట్టకుండా పైతడి ఆరనిచ్చి వాడాలి, లేదంటే మాలు మీద జారిపోతుంది.

మూలల్లో రెండు మూడు వరసలు ముందు లేపి, దారం లాగి, మధ్య భాగం నింపుకుంటూ వెళ్తున్నారు. తూకం గుండు, రసమట్టం మేస్త్రి చేతిలో ఉంటాయి, గేజ్ కర్ర మాత్రం నా దగ్గర. నేల కింది నాలుగు వరసలు అయ్యాక కర్ర పెడితే గీతకీ వరసకీ తేడా లేదు. ఆ తర్వాత ఎడమ చివర మాలు మందం 13 దాకా పెరుగుతుంటే కర్ర పెట్టగానే పైవరస గీతకన్నా పైన కనిపించింది, తర్వాతి రెండు వరసల్లో సర్దేశారు. అలాగే వదిలేస్తే 18 వరసలకి 54 మి.మీ. పెరిగి, కోపింగ్ దగ్గర ఎడమ గోడకీ కుడి గోడకీ ఎత్తు కలిసేది కాదు. ఒక్క రోజులో మీటరున్నర దాటించవద్దని ముందే అనుకున్నాం, పచ్చి మాలు మీద బరువు ఎక్కువైతే కింది వరసలు నొక్కుకుపోతాయి.

ఆదివారం – మిగిలినవి లెక్కపెట్టాక

కోపింగ్ అయింది. ఎడమ గోడ మీద 43, కుడి గోడ మీద 60, కాగితం మీద రాసుకున్న అంకెలే.

అదనంగా చెప్పిన 149లో విరిగినవి 41, తీసేసినవి 17, క్లోజర్లకీ ఇతర కొట్టుడుకీ పోయినవి 22. విరిగిన ముక్కలు పిల్లర్లలో వాడటం వల్ల 12 ఇటుకలు కలిసొచ్చాయి. దొంతరలో ఇప్పుడు 81 ఉన్నాయి. సిమెంటు ఆరో బస్తాలో కొద్దిగా మిగిలింది. గోడకి నీళ్ళు పట్టడం ఇంకో వారం సాగుతుంది.

81లో కొన్నింటితో దారి దగ్గర గడప వేయిద్దామని ఉంది. ఖాళీ 950 మి.మీ., ఇటుకల్ని అంచు మీద నిలబెడితే వరసకి 11 గానీ 12 గానీ పట్టాలి. పన్నెండు పెడితే రెండు చివర్లతో కలిపి జాయింటుకి 7 మి.మీ. కూడా మిగలదు, అంత సందులోకి మాలు సరిగ్గా దిగదు. పదకొండు పెడితే 13 వస్తుంది, నడిచే చోట కాబట్టి అది పర్వాలేదు. మూడు వరసలకి 33. మిగతా 48 వెనక గోడ పక్కన పట్టా కప్పి పెట్టిస్తాను, వాటి మీద కొలత, బట్టీ గుర్తు సుద్దతో రాసి.